మూడడుగుల తలుపు అంటే ఏ మూడడుగులు?

ప్రశ్న: డిప్లొమా సివిల్ అయ్యాక ఒక ఇంజినీరు గారి దగ్గర ఏడు నెలలుగా ఆటోక్యాడ్‌లో ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. గోడల వరకు బాగానే వస్తోంది, తలుపులు కిటికీల దగ్గరే దెబ్బతింటున్నాను. మొన్నటి ఇంట్లో బెడ్‌రూమ్ ద్వారబంధం పిల్లర్‌కు తగులుతోందని మేస్త్రి తనంతట తానే పక్కకు జరిపేశాడు. యూపీవీసీ (ప్లాస్టిక్) కిటికీల వాళ్లు వచ్చి కొలిచి, ప్లాన్‌లో నాలుగడుగులని రాసినా ఫ్రేమ్ నాలుగడుగులు పట్టదన్నారు. ఇంకో ప్లాన్‌లో గది 11 అడుగులు, తలుపు దగ్గర రాసిన ముక్కలు కూడితే 11 అడుగుల 1 అంగుళం వస్తోంది. సార్ కోప్పడ్డారు. ఇంటి యజమానికి 3డీ చూపిద్దామని అదే ప్లాన్‌ను స్వీట్ హోమ్ 3డీలో వేస్తే గదులన్నీ చిన్నవైపోతున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో నేను చేస్తున్న తప్పేంటి?
— ఒక పాఠకుడు, ఖమ్మం

సమాధానం: మీరు చెప్పిన నాలుగింటిలో ఆటోక్యాడ్ ఖాతాలో వేయదగ్గది ఒక్కటే, ఆ 11 అడుగుల 1 అంగుళం. అదీ గీతలో తప్పు కాదు, అంకె చూపించడంలో తప్పు. మిగతా మూడూ, టైప్ చేసిన కొలత ఎక్కడి నుంచి ఎక్కడికో తేల్చుకోకుండా టైప్ చేయడం వల్ల వచ్చినవి. అందుకని ముందు కొలత సంగతి చూద్దాం, కమాండ్లు తర్వాత.

‘బెడ్‌రూమ్‌కి త్రీ బై సెవెన్’ అంటారు మీ సార్. మేస్త్రి చెవికి అది గోడలో వదలాల్సిన ఖాళీ. వడ్రంగికి ద్వారబంధం బయటి కొలత. ఫ్లష్ డోర్ల షాపులో అది రెక్క సైజు. ఇంటావిడకు బీరువా పట్టే దారి. అందరూ మూడడుగులనే అంటున్నారు, ఎవరి మూడడుగులు వాళ్లవి. 5 బై 3 చెక్కతో చేసిన ద్వారబంధాన్ని తీసుకోండి. బయటి నుంచి బయటికి 3'-0", అంటే 36 అంగుళాలు. రెండు నిలువు చెక్కలు చెరో 3 అంగుళాలు పోతే మధ్యలో మిగిలేది 30. రెక్క కూర్చోవడానికి ఒక్కో చెక్కలో అరంగుళం గాడి తీస్తారు కాబట్టి రెక్క వెడల్పు 31. తలుపు తెరిచి ఉంచినప్పుడు రెక్క మందం కూడా కాస్త దారిలోకి వస్తుంది, మనిషి నడిచే ఖాళీ 29 అంగుళాల చిల్లరతో ఆగుతుంది. బాత్‌రూమ్‌కు 2'-6" ద్వారబంధం 4 బై 2½ చెక్కతో చేస్తే లోపల 25 అంగుళాలే. 600 మి.మీ. వాషింగ్ మెషీన్ వెడల్పు 23½ అంగుళాల పైమాట. దాన్ని లోపలికి దింపేటప్పుడు చేతివేళ్లకు చోటుండదు.

వీటిలో ప్లాన్‌లో గీయాల్సింది ఏది? చెక్క ద్వారబంధాలకైతే బయటి కొలతే. ఎందుకంటే మన వైపు సింహద్వారాన్ని ముహూర్తం చూసి నిలబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, ఆ తర్వాత దానికి ఆనించి ఇటుక పేరుస్తారు. లోపలి గదుల ద్వారబంధాలు కూడా చాలా ఇళ్లలో గోడతోపాటే లేస్తాయి. ద్వారబంధం బయటి అంచే గోడ అంచు, మధ్యలో సందు ఉండదు. కొందరు వడ్రంగులు మాత్రం ‘లోపల లోపల’ కొలత చెబుతారు. అందుకే ప్రతి షీటు మీదా ఒక మాట రాసి పెట్టండి: కొలతలు ఇటుక ముఖం నుంచి ఇటుక ముఖానికి, తలుపుల కొలత ద్వారబంధం బయటి నుంచి బయటికి, ప్లాస్టరింగ్ కలపలేదు. ఈ మాట లేకపోతే మీ డ్రాయింగ్‌ను ఎవరికి నచ్చినట్టు వాళ్లు చదువుతారు.

ఇక పిల్లర్ గొడవ. మీరు మూల నుంచి 4½ అంగుళాలు వదిలి తలుపు పెట్టి ఉంటారు, దాదాపు అందరూ పెట్టేది అదే. 9 అంగుళాల గోడలు కలిసే చోట 9"×15" కాలమ్ (పిల్లర్) ఉంది, దాని పొడుగు వైపు మీ తలుపున్న గోడ వెంట వెళ్తోంది, దాని చివర అడ్డగోడ అవతలి ముఖానికి కలిపి ఉంది అనుకోండి. 15 అంగుళాల్లో 9 అడ్డగోడ మందంలో దాక్కుంటాయి. మిగతా 6 మీ గదిలోని మూల దాటి తలుపు గోడలోకి వస్తాయి. మీరు వదిలింది 4½. అంటే ద్వారబంధం కాలమ్‌లోకి అంగుళంన్నర చొచ్చుకుపోయింది. కాగితం మీద ఇది కనబడలేదంటే తలుపులు పెట్టేటప్పుడు కాలమ్ లేయర్ ఆఫ్‌లో ఉండి ఉండాలి, లేదా స్ట్రక్చరల్ డ్రాయింగ్ తర్వాత వచ్చి ఉండాలి. మేస్త్రి జరిపి తప్పేం చేయలేదు. కాంక్రీటును చెక్కలేడు కదా.

దీన్ని సరిచేయడమంటే 4½ను 6 చేయడం కాదు. 6 పెడితే ద్వారబంధం సరిగ్గా కాలమ్‌కు ఆనుతుంది. ఆ వైపు హోల్డ్‌ఫాస్టులు, అంటే ద్వారబంధాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు, దిగడానికి ఇటుక ఉండదు, కాలమ్‌కు డ్రిల్ చేసి యాంకర్ బోల్టులు వేయాలి. అది పనికొచ్చే పద్ధతే, కాకపోతే ముందే చెప్పాలి. 7½ పెడితే ఇంకా చెడ్డది: కాలమ్‌కు, ద్వారబంధానికి మధ్య అంగుళంన్నర సందు మిగులుతుంది. అందులో ఏ ఇటుక పట్టదు, సిమెంటు ముద్ద కూరుతారు, నాలుగు నెలలకు అక్కడ నిలువునా పగులు కనిపిస్తుంది. కాలమ్ ముఖం నుంచి సగం ఇటుక, అంటే 4½ వదలండి. గది మూల నుంచి చూస్తే అది 10½ అంగుళాలు. మూల నుంచి ఎంత వదలాలన్నదానికి అలవాటైన అంకె ఒకటి ఉండకూడదు, అక్కడ ఇటుక ఎలా పడుతుందో దాన్ని బట్టి పోవాలి. తలుపు వెనక రెండడుగుల లోతు వార్డ్‌రోబ్ వచ్చేటట్టుంటే ఈ లెక్కలేవీ పనికిరావు, అక్కడ 2'-3" అయినా వదలాలి.

ఇప్పుడు ఆటోక్యాడ్‌లో దీన్ని పెట్టడం చూద్దాం. ముందు ఆబ్జెక్ట్ స్నాప్‌ల (కర్సర్ గీతలో ఏ బిందువును పట్టుకోవాలో చెప్పేవి) జాబితా తెరిచి ఎండ్‌పాయింట్, మిడ్‌పాయింట్, ఇంటర్‌సెక్షన్, పర్పెండిక్యులర్ ఉంచి, ‘నియరెస్ట్’ను తీసేయండి. తలుపులు అంగుళంలో ఎనిమిదో వంతు, పదహారో వంతు పక్కకు పోవడానికి అసలు కారణం ఇదే. మూల మీద క్లిక్ చేశాననుకుంటారు, మూలకు ఒక వెంట్రుకవాసి దూరంలో గీత మీద ఎక్కడో పట్టుకుంటుంది. స్క్రీన్ మీద తేడా తెలియదు. గీతను నిలువుగా, అడ్డంగా మాత్రమే పోనిచ్చే ఆర్థోను ఎఫ్8తో ఆన్ చేయండి.

గది లోపలి కొలత 11'-0", గోడ ఎడమ నుంచి కుడికి ఉంది, మూల ఎడమ వైపు. లైన్ కమాండ్ ఇచ్చి, మొదటి పాయింట్ అడిగినప్పుడు క్లిక్ చేయకుండా ‘ఫ్రమ్’ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. బేస్ పాయింట్ అడుగుతుంది, గది లోపలి మూల క్లిక్ చేయండి. తర్వాత @10.5,0 అని కొట్టండి. గీత మూలకు సరిగ్గా పదిన్నర అంగుళాల దూరంలో మొదలవుతుంది. గోడ అవతలి ముఖానికి పర్పెండిక్యులర్‌గా ముగించండి. ఆ గీతను కాపీ చేసి కుడికి 3' కొట్టండి. రెండు గీతల మధ్య గోడ ముఖాలను ట్రిమ్ చేయండి. 2021 వెర్షన్ నుంచి ట్రిమ్ క్విక్ మోడ్‌లో వస్తుంది కాబట్టి హద్దు గీతలు ముందుగా ఎంచుకోనక్కర్లేదు, తీసేయాల్సిన ముక్క మీద నొక్కితే చాలు. పాత వెర్షన్ అయితే హద్దులు ముందు ఎంచుకోవాలి. ఆఫ్‌సెట్‌తో కూడా ఇదే వస్తుంది కానీ అడ్డగోడ గీత మొత్తం పొడుగున కాపీ అవుతుంది, కత్తిరించే పని ఎక్కువ, మరిచిపోయిన ముక్కలు అక్కడక్కడా మిగులుతాయి.

అంకె టైప్ చేయడంలో ఒక పొరపాటు కొత్తవాళ్లందరూ చేస్తారు. ఆటోక్యాడ్ తాను కొలతను 3'-6 1/2" అని చూపిస్తుంది, మీరు మాత్రం దాన్ని అలా టైప్ చేయకూడదు. కమాండ్ మధ్యలో స్పేస్‌బార్ అంటే ఎంటరే. 3'6 వరకు కొట్టి స్పేస్ నొక్కగానే అది 3'-6" అని తీసేసుకుని ముందుకు పోతుంది, మిగతా 1/2ను తర్వాతి ప్రశ్నకు జవాబుగా మింగుతుంది. 3'6-1/2" అని, స్పేస్ లేకుండా, భిన్నానికి ముందు అడ్డగీత పెట్టి కొట్టాలి. అంగుళాల్లో 42.5 అన్నా ఒప్పుకుంటుంది, అదే తేలిక.

తలుపు బ్లాకు (ఒకసారి గీసి మళ్లీ మళ్లీ వాడుకునే బొమ్మ) సంగతి కొంచెం నిదానంగా చూడాలి. ఎక్కడో దించుకున్న బ్లాకుల్లో బేస్ పాయింట్, అంటే బ్లాకును పట్టుకుని పెట్టే బిందువు, ఎక్కడ పడితే అక్కడ ఉంటుంది: కొన్నింటిలో రెక్క మూల, కొన్నింటిలో ఆర్క్ చివర. రెక్క మూలను పట్టుకుని గోడ అంచు మీద పెడితే ద్వారబంధం చెక్క గోడలోకి రెండున్నర అంగుళాలు దూరుతుంది. మీ బ్లాకు మీరే చేసుకోండి. లేయర్ 0 మీద గీసి, బేస్ పాయింట్ కీలు వైపు ద్వారబంధం బయటి అంచు మీద, ఇటుక ముఖానికి సరిగ్గా ఉండేలా పెట్టండి. ద్వారబంధాన్ని గోడ మందం మధ్యలో గీయవద్దు. 9 అంగుళాల గోడ మధ్యలో కూర్చోబెడితే రెక్క తొంభై డిగ్రీలు దాటగానే గోడ అంచుకు తగిలి ఆగిపోతుంది. రెక్క తెరుచుకునే గది వైపు, ఇటుక ముఖం కంటే అరంగుళం బయటికి పెట్టండి. ఆ అరంగుళం రేపు ప్లాస్టరింగ్ మందానికి సరిపోతుంది. 4½ అంగుళాల గోడకు 5 అంగుళాల చెక్క వాడేది కూడా ఇందుకే.

ఒకే బ్లాకును స్కేల్ చేసి అన్ని సైజులకూ వాడితే రెండు రకాలుగా చెడుతుంది. 3' తలుపును 2'-6" చేయడానికి 0.833తో స్కేల్ చేస్తే 3 అంగుళాల చెక్క 2½ అయిపోతుంది, గోడ మందం కూడా అంత తగ్గుతుంది. ఎక్స్ దిశలో మాత్రమే స్కేల్ చేస్తే ఆర్క్ కాస్తా కోడిగుడ్డు ఆకారంలోకి వెళ్తుంది. 3'-6", 3', 2'-6" మూడింటికి మూడు బ్లాకులు చేసుకుంటే పదిహేను నిమిషాల పని. ఓపిక ఉంటే డైనమిక్ బ్లాకు చేయండి: వెడల్పుకు లీనియర్ పారామీటర్, దానికి స్ట్రెచ్ యాక్షన్, ఎడమ కుడి తిప్పడానికి ఫ్లిప్ పారామీటర్. వెడల్పుకు జాబితా పెట్టి ఆ మూడు సైజులే ఇవ్వండి, లేకపోతే ఎవరో ఒకరు పట్టి లాగి 2'-10 3/8" తలుపు తయారుచేస్తారు. బ్లాకు పెట్టగానే ఊరంత పెద్దదిగా వచ్చిందంటే అది మిల్లీమీటర్లలో గీసింది, యూనిట్లు కుదరలేదు. 25.4 రెట్లు తేడా.

ఇప్పుడు మీ సార్ కోప్పడిన 11 అడుగుల 1 అంగుళం. తలుపు మూల నుంచి 4½", తలుపు 3'-0", మిగతా గోడ 7'-7½". కూడితే 11'-0", గీత సరిగ్గానే ఉంది. కానీ మీ డైమెన్షన్ స్టైల్‌లో ప్రెసిషన్ 0'-0" అని ఉంది. 4½ను 5" చేసి రాసింది. 7'-7½"ను 7'-8" చేసింది. 5 అంగుళాలు, 3 అడుగులు, 7 అడుగుల 8 కూడితే 11'-1". మేస్త్రి చూసేది రాసిన అంకెనే కదా. ప్రెసిషన్‌ను 1/4" చేయండి, ఈ జబ్బు పోతుంది.

దీనికి ఇంకో ముఖం ఉంది, అది ఎక్కువ ప్రమాదం. గది నిజంగా 9'-11 3/4" ఉన్నా అదే ప్రెసిషన్‌లో 10'-0" అని అందంగా కనిపిస్తుంది. నియరెస్ట్ స్నాప్ వల్ల వచ్చిన తప్పులన్నీ ఈ దుప్పటి కింద దాక్కుంటాయి. గీసేటప్పుడు ప్రెసిషన్ 1/16" ఉంచి, ప్రింటుకు ముందు 1/4"కు తగ్గించుకోండి. యూనిట్స్‌లో ఉన్న ప్రెసిషన్ వేరు, డైమెన్షన్ స్టైల్‌లో ఉన్నది వేరు. ఒకటి మారిస్తే రెండోది మారదు. తేడా కనబడినప్పుడు డైమెన్షన్ మీద డబుల్ క్లిక్ చేసి 10'-0" అని చేత్తో రాసేసే అలవాటు మాత్రం చేసుకోకండి. ఆ తర్వాత గోడ జరిపినా ఆ అంకె కదలదు. పాత ఫైల్ మీ చేతికి వస్తే డైమెన్షన్లు ఎంచుకుని ప్రాపర్టీస్‌లో టెక్స్ట్ ఓవర్‌రైడ్ గడి చూడండి. అందులో ఏదైనా రాసి ఉంటే చెరిపేయండి, అసలు కొలత బయటపడుతుంది.

తలుపు జరపాల్సి రావడం ఎలాగూ తప్పదు. ప్లాన్ అంతా అయ్యాక వాస్తు చెప్పే ఆయన వచ్చి ‘గుమ్మం ఆరంగుళాలు ఉత్తరానికి జరపండి’ అంటారు, యజమాని మీ సార్‌కు ఫోన్ చేస్తారు, సార్ మిమ్మల్ని పిలుస్తారు. అప్పుడు బ్లాకును మూవ్ చేసి, గోడ అతికించి, మళ్లీ కత్తిరించడం మొదలుపెట్టొద్దు. స్ట్రెచ్ కమాండ్ ఇచ్చి, కుడి నుంచి ఎడమకు ఆకుపచ్చ పెట్టె లాగండి. పెట్టెలో ఖాళీకి రెండు వైపులా ఉన్న అంచు గీతలు, తలుపు బ్లాకు, డైమెన్షన్ కాళ్లు పడాలి. ఆర్థో ఆన్‌లో ఉంచి దిశ చూపించి 6 కొట్టండి. బ్లాకు కదలాలంటే దాని బేస్ పాయింట్ పెట్టె లోపల ఉండాలి, బొమ్మ ఎంత లోపలున్నా సరిపోదు. దించుకున్న బ్లాకుల్లో బేస్ పాయింట్ ఎక్కడో దూరంగా ఉంటే గోడలో ఖాళీ జరిగి తలుపు పాత చోటే నిలబడిపోతుంది. బ్లాకు మీరే చేసుకోమన్నది ఇందుకు కూడా. గోడకు హ్యాచ్ (లోపల నింపే గీతలు) ఉంటే, అది అసోసియేటివ్, అంటే గోడ గీతలకు ముడిపడినది, కాకపోతే జరగదు, చూసుకోండి.

కిటికీని గది మధ్యలో పెట్టాలంటే లెక్కలు కట్టనక్కర్లేదు. కిటికీ బ్లాకు బేస్ పాయింట్ వెడల్పు మధ్యలో పెట్టుకుని, ఇన్సర్ట్ చేసేటప్పుడు ‘ఎం2పి’ అని ఇంగ్లిష్‌లో కొట్టి గది లోపలి రెండు మూలలు క్లిక్ చేస్తే సరిగ్గా మధ్య బిందువు దొరుకుతుంది. కానీ గది మధ్య, ఇంటి ముందు వైపు నుంచి చూసినప్పుడు కనబడే మధ్య రెండూ సాధారణంగా ఒకటి కావు. ఒక వైపు 9 అంగుళాల బయటి గోడ, ఇంకో వైపు 4½ లోపలి గోడ ఉంటాయి మరి. రోడ్డు వైపు గోడకైతే ఎలివేషన్, అంటే బయటి నుంచి కనబడే రూపం, గెలవాలి. పక్క గోడలకు మంచం, ఏసీ, కర్టెన్ రాడ్ గెలవాలి. ముందే ఏదో ఒకటి అడిగి తేల్చుకోండి.

యూపీవీసీ వాళ్లు చెప్పింది నిజమే. చెక్క కిటికీలాగా ఇది గోడతోపాటు రాదు. ప్లాస్టరింగ్ అయ్యాక, చాలా ఇళ్లలో కిటికీ చుట్టూ గ్రానైట్ పట్టీలు కూడా వేశాక, చివర్లో వచ్చి కొలత తీసుకుంటారు. ఇటుకలో ఖాళీ 4'-0" వదిలారు. గ్రానైట్ ముప్పావు అంగుళం, దాని వెనక సిమెంటు అరంగుళం, ఒక్కో వైపు అంగుళంపావు పోయింది. 48లో 2½ పోతే 45½. ఫ్రేమ్ దిగడానికి ఒక్కో వైపు పావు అంగుళం సందు కావాలి, ఇంకో అరంగుళం పోయింది. ఫ్రేమ్ 45 అంగుళాలు, అంటే 3'-9". నాలుగడుగుల ఫ్రేమే కావాలంటే ఇటుకలో 4'-3" వదలాలి. గ్రానైట్ లేకుండా వట్టి ప్లాస్టరింగే అయితే 4'-1½" చాలు. అందుకే యూపీవీసీ కిటికీ బ్లాకులో రెండు కొలతలు ఉండాలి, తలుపులు కిటికీల పట్టికలోనూ రెండు గడులు: గోడలో ఖాళీ ఒకటి, ఫ్రేమ్ ఒకటి. వాళ్లు పనిచేసేది మిల్లీమీటర్లలో అన్నది మరిచిపోవద్దు. 4 అడుగులంటే 1200 కాదు, 1219. 3 అడుగులు 914, 7 అడుగులు 2134. 1200 అని ఎవరో సరదాగా గుండ్రంగా రాస్తే 19 మి.మీ. సందు సిలికాన్‌తో పూడాలి.

ప్లాన్‌లో కనబడని కొలత ఎత్తు. తలుపుల పైభాగం, కిటికీల పైభాగం ఒకే లింటెల్ (పైన అడ్డంగా పోసే కాంక్రీటు పట్టీ) కింద 7'-0" దగ్గర కలవాలి. ఆ ఏడడుగులు టైల్స్ వేశాక ఉండే నేల నుంచి. మేస్త్రి గోడ కట్టేనాటికి ఆ నేల లేదు. నేల మందం 3 అంగుళాలైతే అతను కొలిచే చోట నుంచి లింటెల్ అడుగు 7'-3" రావాలి. కిటికీకి పట్టికలో సిల్ ఎత్తు, అంటే నేల నుంచి కిటికీ అడుగు వరకు, రాయండి: గదుల్లో 3'-0" పెడితే 4 అడుగుల కిటికీ సరిపోతుంది. వంటింట్లో గట్టు 2'-9" వస్తుంది, దాని మీద కుళాయి, టైల్స్ ఉంటాయి. అక్కడ సిల్ 3'-6" అయినా ఉండాలి, కిటికీ ఎత్తు 3'-6"కు తగ్గుతుంది. బాత్‌రూమ్ వెంటిలేటర్ 2'×1'-6" అయితే దాని అడుగు 5'-6" దగ్గర. ప్లాన్ అంటే నాలుగడుగుల ఎత్తులో ఇంటిని కోసి పైనుంచి చూసినట్టు, కాబట్టి వెంటిలేటర్ దగ్గర గోడను కత్తిరించకుండా చుక్కల గీతతో చూపాలి. ఇది తెలియక గోడ తెరిచి గీస్తే సైట్లో అక్కడ నిజంగానే కింది నుంచి ఖాళీ వదిలే మేస్త్రులు ఉన్నారు.

స్వీట్ హోమ్ 3డీలో గదులు చిన్నవి కావడానికి ఒకటే కారణం. అది గోడను మధ్య గీత మీద గీస్తుంది. మీరు గది లోపలి కొలత 10'-0" కదా అని గోడ పొడవు 10'-0" ఇస్తే, 9 అంగుళాల గోడలు చెరో వైపు నాలుగున్నర లోపలికి తింటాయి, గది 9'-3" అవుతుంది. మధ్య నుంచి మధ్యకు 10'-9" ఇవ్వాలి. గోడ గీస్తుండగా ఎంటర్ నొక్కితే పొడవు, మందం టైప్ చేసే గడులు వస్తాయి, మౌస్‌తో అంచనా వేయొద్దు. గీయడం మొదలుపెట్టే ముందే ప్రిఫరెన్సెస్‌లో యూనిట్‌ను అడుగులు అంగుళాలకు, కొత్త గోడ మందాన్ని 9 అంగుళాలకు మార్చండి. మార్చకపోతే అది 7.5 సెం.మీ. గోడలు వేస్తుంది, మన లెక్కలో అది మూడంగుళాల పలక.

తలుపును లాగి గోడ మీద వదిలితే దానంతట అదే గోడకు అతుక్కుని, మందం సర్దుకుంటుంది. అంతవరకు హాయి. సరైన చోట పెట్టాలంటే దాని మీద డబుల్ క్లిక్ చేసి ఎక్స్, వై అంకెలు మార్చాలి. ఆ అంకెలు తలుపు మధ్య బిందువువి, అంచువి కావు. పై ఉదాహరణే చూడండి. అడ్డగోడ మధ్య గీత ఎక్స్ 0 దగ్గర ఉంది. గోడలో సగం 4½, మూల నుంచి 10½, తలుపులో సగం 18. కూడితే 33 అంగుళాలు. ఎక్స్ గడిలో 2'-9" ఇవ్వండి. కీలు అటువైపు కావాలంటే మిర్రర్డ్ షేప్ అన్న గడిలో టిక్కు పెట్టండి, తలుపును తిప్పితే తెరుచుకునే గది మారిపోతుంది. మౌస్‌తో జరిపేటప్పుడు అది దానికి నచ్చిన చోట టక్కున అతుక్కుంటుంటే విండోస్‌లో ఆల్ట్ పట్టుకుని జరపండి, మాగ్నెటిజం అంతసేపు ఆగుతుంది. కిటికీకి ఎలివేషన్ గడిలో (ఇక్కడ దాని అర్థం నేల నుంచి ఎత్తు) 3'-0" ఇవ్వడం మరవొద్దు.

మీ ఆఫీసు రేపు రెవిట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కు మారినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. అందులో తలుపు పెట్టగానే నీలం రంగు తాత్కాలిక కొలతలు కనబడతాయి, వాటి మీద నొక్కి అంకె మార్చితే తలుపు జరుగుతుంది. అయితే ఆ కొలత గోడ మధ్య గీత నుంచి చూపిస్తోందా, ముఖం నుంచా? మేనేజ్‌లో అడిషనల్ సెట్టింగ్స్, టెంపరరీ డైమెన్షన్స్‌కు వెళ్లి గోడలకు ఫేసెస్, తలుపులు కిటికీలకు ఓపెనింగ్స్ ఎంచుకోండి. లేకపోతే నాలుగున్నర అని కొట్టినది గోడ మందంలోనే ఖర్చయిపోతుంది. పెట్టేముందు స్పేస్‌బార్ కొడితే తలుపు తిరుగుతుంది.

ఇక మేస్త్రి జరిపేసిన ఆ తలుపు. అతను ఎంత జరిపాడో సైట్‌కు వెళ్లి టేపు పెట్టి కొలిచి, ఇప్పుడే మీ ఫైల్‌లోనూ స్ట్రెచ్ చేయండి. గడియ వైపు ద్వారబంధం పక్కన స్విచ్‌బోర్డు ఉంటుంది, ఎలక్ట్రికల్ డ్రాయింగ్ మీ పాత ప్లాన్ మీదే గీసి ఉంటారు. అది మార్చకపోతే ఎలక్ట్రీషియన్ పాత కొలత ప్రకారం గోడ కొట్టేస్తాడు, బోర్డు మీదికి బీడింగ్ పట్టీ వచ్చి కూర్చుంటుంది. ఆ ఇంట్లో గోడలు ఇంకా కొట్టలేదంటే ఈ వారంలోనే ఆ షీటు మార్చి పంపండి.